సీసా వెనక వరుస: విశాఖలో షాంపూలు, తలనూనెల పోలిక – ప్రాజెక్టు డైరీ

1వ రోజు – సరుకు

మిల్లీలీటరుకు ఎన్ని పైసలు అని లెక్కగట్టి షాంపూలు పోల్చడం తేలికే. కానీ ఆ లెక్కలో నీళ్ల ధర కూడా కలిసిపోతుంది. ఈ ప్రాజెక్టులో చూడాల్సింది లోపలి సరుకు. మురికి తీసే పదార్థం ఏ సీసాలో ఎంతుంది, కడిగాక జుట్టు మీద మిగిలేది ఏది, పేరు కోసం చిటికెడు వేసింది ఏది, ఇవన్నీ విశాఖ బోరు నీళ్లలో ఎలా పనిచేస్తాయి అన్నవే ప్రశ్నలు.

పూర్ణా మార్కెట్, జగదాంబ జంక్షన్, గాజువాక దుకాణాల్లో మామూలుగా దొరికేవే తీసుకున్నాం. ఏడు షాంపూలు, ఐదు తలనూనెలు, రెండు కండిషనర్లు. పోలికకు గిరిజన సహకార సంస్థ దుకాణం నుంచి కుంకుడుకాయలు, ఇంట్లో వాడే ఒక ఒంటి సబ్బు. బ్రాండు పేరు కనిపిస్తే మనసు ముందే ఒకవైపు మొగ్గుతుంది. అందుకని ఒకరు సీసాలన్నిటికీ తెల్ల కాగితం చుట్టి ష1 నుంచి ష7, నూ1 నుంచి నూ5, క1, క2 అని అంకెలు వేశారు. పరీక్షలు చేసేవాళ్లకు ఆ అంకెలే తెలుసు. ఈ డైరీలోనూ అవే ఉంటాయి.

ప్రతి సీసా బ్యాచ్ నంబరు రాసుకోవడం మరవొద్దు. ఒకే పేరుతో వచ్చే సరుకులో కూర్పు మారుతూ ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఈ పట్టిక చూసేవాళ్లకు ఆ నంబరు లేకపోతే పోలిక పనికిరాదు.

2వ రోజు – లేబుళ్లు ఎక్కించడం

అక్షరాలు మరీ చిన్నవి. సీసాను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తే మెరుపు పడదు, పెద్దది చేసి చదవొచ్చు. ఫొటోలోంచి అక్షరాలు లాగే యాప్‌ను నమ్మి వదిలేయకూడదు. సోడియం లారెత్ సల్ఫేట్‌ను సోడియం లారిల్ సల్ఫేట్‌గా చదివేసింది. పేరు చివర్న కొద్ది అక్షరాల తేడా. రెండూ మురికి తీసేవే, కానీ వేరే పదార్థాలు. లారిల్ చర్మాన్ని ఎక్కువ ఎండగడుతుంది, లారెత్ కాస్త మెత్తన. ప్రతి పేరూ చేత్తో సరిచూశాం.

వరుస చదవడానికి ఆధారం 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్. 1% కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. 1%, అంతకంటే తక్కువ ఉన్నవాటిని వాటి తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఈ రెండో వాక్యమే కీలకం. అంకెలు ఒక్కటీ లేని లేబుల్ మీద కూడా దీని సాయంతో ఒక గీత గీయొచ్చు.

ఫినాక్సీఇథనాల్, మిథైల్ పారాబెన్, డైసోడియం ఈడీటీఏ, మిథైల్‌ఐసోథయజోలినోన్ లాంటివి సరుకు చెడకుండా కొద్దిగా వేసేవి, 1% మించి వేసే పదార్థాలు కావు. వరుసలో వీటిలో మొదట ఏది కనిపిస్తే దాని పైన ఎర్ర గీత గీశాం. గీత కింద ఉన్నదేదీ 1% దాటదు. గీత పైన ఉన్నవి 1% దాటే ఉంటాయని మాత్రం చెప్పలేం, ఎందుకంటే అసలు హద్దు ఇంకా పైనే ఉండొచ్చు. గీత ఇచ్చేది గరిష్ఠ పరిమితి ఒక్కటే. సువాసన ద్రవ్యాన్ని గీతకు వాడుకోలేదు. అది చాలా షాంపూల్లో 1% లోపే ఉంటుంది గానీ అన్నిట్లోనూ అని గట్టిగా చెప్పలేం.

గీత గీశాక సీసా ముందు భాగాన్ని మళ్లీ చూడాలి. ఉల్లిపాయ బొమ్మ ఉన్న ష4లో ఉల్లి గింజల సారం గీత కింద, రంగుకు ముందు ఉంది. బాదం బొమ్మ ఉన్న నూ3లో మొదటి పేరు లైట్ లిక్విడ్ పారఫిన్, బాదం నూనె చివర్న. గుంటగలగరాకు, ఉసిరి, మందారం అన్న షాంపూలో మూడూ కలిపి ఒకే సారంగా గీత కిందే ఉన్నాయి. 200 మి.లీ. సీసాలో 1% అంటే 2 గ్రాములు. అదీ ఎండు ఆకు తూకం కాదు, నీళ్లలోనో గ్లైకాల్‌లోనో తీసిన సారం తూకం. ఒక తలంటుకు 8 మి.లీ. వాడి రెండు నిమిషాల్లో కడిగేస్తాం. ఆ సారం అంతలో కుదుళ్లకు చేసేదేమీ ఉండదని మా అంచనా.

పట్టికలో ఒకే పదార్థానికి ఉన్న మారుపేర్లను ఒక గడిలోకి చేర్చాం. మినరల్ ఆయిల్, లైట్ లిక్విడ్ పారఫిన్, పారాఫినమ్ లిక్విడమ్ అన్నీ పెట్రోలియం నుంచి వచ్చే నూనె పేర్లే. లారెత్ సల్ఫేట్, లారిల్ ఈథర్ సల్ఫేట్ ఒకటే. ఆక్వా అంటే నీళ్లు. ఇలా చేర్చకముందు వేర్వేరుగా కనిపించిన ష2, ష5 చేర్చాక మొదటి ఐదు పేర్లలో ఒక్కటయ్యాయి. ధరలో మాత్రం రెట్టింపు పైచిలుకు తేడా.

ఒక చిక్కు మిగిలింది. లారెత్ సల్ఫేట్ తయారీదారులకు 70% ముద్దగానూ దొరుకుతుంది, 28% ద్రవంగానూ దొరుకుతుంది. దానికి తోడుగా వేసే బీటైన్ సుమారు 30% ద్రవంగా వస్తుంది. ద్రవం తూకంతో వరుస రాశారా, లోపలి అసలు పదార్థం తూకంతోనా అన్నది లేబుల్ చెప్పదు. కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు పేర్లలో ఏది ఎక్కువ అన్న వాదన పెట్టుకోలేదు.

4వ రోజు – నీళ్లు

షాంపూ బాగాలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం నీళ్లలో ఉంటుంది. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ కుళాయికి వచ్చేది మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నీరు, ఏలేరు కాలువ నీరు. అపార్టుమెంట్లలో దానికి బోరు నీరు కలుస్తుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. అందుకని నమూనాలు మూడు: జీవీఎంసీ కుళాయి, ఎంవీపీ కాలనీలో ఒక బోరు, ఆర్‌ఓ నీరు. కుళాయి ఐదు నిమిషాలు వదిలాక పట్టాం, లేకపోతే పైపులో నిలవున్న నీళ్లు వస్తాయి.

టీడీఎస్ మీటరు ముంచి ఇవి కఠిన జలాలు అని చెప్పేస్తుంటారు. మీటరు చూపేది కరిగిన లవణాలన్నిటినీ కలిపి. తీరం దగ్గరి బోర్లలో ఆ లెక్కలో మామూలు ఉప్పు కూడా గట్టిగా ఉంటుంది. సబ్బును విరగ్గొట్టేవి కాల్షియం, మెగ్నీషియం. వాటిని విడిగా కొలవాలి.

కొలిచిన తీరు ఇది. ఈడీటీఏ ఆ రెండింటినీ పట్టుకుంటుంది, అది ఎంత దిగిందో చూస్తే అవి ఎంతున్నాయో తెలుస్తుంది. డైసోడియం ఈడీటీఏ 3.72 గ్రా. లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగిస్తే 0.01 మోలార్ ద్రావణం. శంకు ఫ్లాస్కులో 50 మి.లీ. నమూనా, 1 మి.లీ. అమ్మోనియా బఫర్, రంగు మార్చి ముగింపు చూపే సూచిక ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చిటికెడు. నీరు వైన్ ఎరుపుకు తిరుగుతుంది. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ చుక్కలుగా వదులుతూ ఫ్లాస్కును తిప్పుతుంటే ఎరుపు ఊదాగా మారి, ఆ ఊదాలో ఎర్రదనం పోయి, ఒక్క చుక్కతో శుద్ధ నీలం అవుతుంది. అక్కడ ఆపాలి. దిగిన మి.లీ.ను 20తో గుణిస్తే లీటరుకు ఎన్ని మి.గ్రా. కఠినత్వమో వస్తుంది. 6 మి.లీ. దిగితే 120 అన్నమాట.

మొదటి రెండు సార్లు నీలం తేలలేదు, బూడిద ఊదా దగ్గర ఆగిపోయింది. తప్పు సూచికది. స్పిరిట్‌లో కరిగించి ఉంచిన ఎరియోక్రోమ్ కొన్నాళ్లకే చెడిపోతుంది. పొడిని 100 గ్రా. ఉప్పుకు అర గ్రాము చొప్పున నూరి పెట్టుకుని వాడితే రంగు సూటిగా తిరిగింది. ఇంకొకటి, బఫర్ వేశాక ఐదు నిమిషాల్లో ముగించాలి. ఆలస్యమైతే కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుపోయి లెక్క తగ్గుతుంది.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఆమోద హద్దు లీటరుకు 200 మి.గ్రా., వేరే నీరు లేనప్పుడు 600 వరకు. కుళాయి నీరు 200 లోపలే ఉంది, బోరు నీరు దాన్ని దాటింది. అదే బోరు నీళ్లలో 1% ఒంటి సబ్బు ద్రావణం కలిపితే రెండు నిమిషాల్లో తెల్లటి తునకలు తేలాయి. తలకు సబ్బు రుద్దితే జుట్టు అట్టకట్టేది ఈ తెట్టు వల్లే. ఏడు షాంపూల్లో ఒక్కటీ తునకలు కట్టలేదు. సల్ఫేట్లు, సల్ఫోనేట్లు కాల్షియంతో అలా గడ్డకట్టవు.

అయినా బోరు నీళ్లతో కడిగిన జుట్టు బిరుసుగా ఉందంటే, కాల్షియం వెంట్రుక మీద కొంత పట్టుకుని ఉండిపోవడం ఒక కారణం. చివరి చెంబు ఆర్‌ఓ నీళ్లతో పోసుకుంటే చాలు. లేదా లీటరు నీళ్లలో 15 మి.లీ. వెనిగర్ కలిపి పోసి, నిమిషం ఆగి కడిగేయాలి. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లను స్నానానికి పట్టుకునే ఇళ్లున్నాయి. ఇల్లు తుడవడానికి సరే, తలకు వద్దు. లోపలికి వెళ్లిన నీటికంటే అది కఠినం.

5వ రోజు – పీహెచ్

పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె. 7 మధ్యస్థం, దానికి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. 10 గ్రా. షాంపూ, 90 గ్రా. డిస్టిల్డ్ నీరు. మీటరును 4, 7 బఫర్లతో సరిచేశాక చూశాం. రంగు షాంపూలకు పేపరు పట్టీలు పనికిరావు, రంగు మీద రంగు పడి తికమక పెడతాయి. మాడు పీహెచ్ సుమారు 5.5, వెంట్రుకది 3.67 దగ్గర. 7 దాటేకొద్దీ వెంట్రుక పైపొలుసులు లేస్తాయి, చిక్కు పడుతుంది. షాంపూలన్నీ 7 లోపే ఉన్నాయి. పిల్లల షాంపూ ష7 మాత్రం 7కు ఆనుకుని ఉంది. కళ్లు మండకుండా కన్నీటికి దగ్గరగా పెడతారు. ఒంటి సబ్బు 9 దాటింది. కండిషనర్ కొలిచాక ఎలక్ట్రోడ్‌ను వెంటనే కడగాలి, జిగురు పట్టిందంటే తర్వాతి అంకెలన్నీ మెల్లగా జారతాయి.

6, 7 రోజులు – నీళ్లు ఆవిరయ్యాక మిగిలేది

ధర పోలికకు అసలు పరీక్ష ఇదే. గాజు గిన్నెను ముందే ఎండబెట్టి తూచి, 2 గ్రా. షాంపూ వేసి, 105 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలు. చల్లార్చి తూకం, మళ్లీ గంట, మళ్లీ తూకం. రెండు తూకాల మధ్య తేడా 0.01 గ్రా. లోపుకు వస్తే ఆపాలి.

మొదటి విడత పాడైంది. పైన చర్మంలా గట్టిపడి లోపల తడి ఉండిపోయింది, తర్వాత బుడగలొచ్చి అంచు మీద చిందింది. రెండోసారి గిన్నెలో కడిగి కాల్చిన ఇసుక 10 గ్రా. వేసి, షాంపూను గాజు కడ్డీతో అందులో కలిపాం. కడ్డీని కూడా గిన్నెతోపాటే తూచి, గిన్నెలోనే ఉంచేయాలి. ఇసుక ఉంటే పల్చగా పరుచుకుని సమంగా ఆరుతుంది. చల్లార్చడం సిలికా జెల్ డబ్బాలో చేయాలి. బల్ల మీద వదిలితే విశాఖ గాలిలోని తేమ పది నిమిషాల్లో తిరిగి ఎక్కేస్తుంది.

మిగిలిందంతా మురికి తీసే పదార్థమే అనుకోకూడదు. ఉప్పు, మెరుపు మైనం, సిలికోన్ కూడా అందులోనే. అయినా ఒకే కోవకు చెందిన ష2, ష5లను పక్కపక్కన పెట్టడానికి ఇది సరిపోతుంది. ఆ రెండింటి మిగులు బరువులు పరీక్ష పొరపాటు హద్దులోనే కలిశాయి. ఎక్కువ ధర పెట్టిన ష5లో అదనంగా దొరికేది సువాసన, సీసా.

8వ రోజు – చిక్కదనం, నురగ

చిక్కగా ఉన్న షాంపూ గట్టిదన్న నమ్మకం ఊరంతా ఉంది. 50 గ్రా. లారెత్ షాంపూ తీసుకుని అర గ్రాము చొప్పున ఉప్పు కలుపుతూ వెళ్లాం. ముందు చిక్కబడుతుంది, చెంచా నిలబడేంత అవుతుంది. ఇంకా ఉప్పు వేస్తే హఠాత్తుగా పల్చబడి నీళ్లలా జారుతుంది. మురికి తీసే పదార్థపు అణువులు ఉప్పు ఉన్నప్పుడు పొడుగాటి దారాల్లా అల్లుకోవడం వల్ల చిక్కదనం, ఉప్పు మితిమీరితే ఆ అల్లిక తెగడం వల్ల పల్చదనం. మురికి తీసే పదార్థం మొదటి నుంచి చివరి దాకా అంతే ఉంది. ముందే ఉప్పు అంచుదాకా వేసిన షాంపూ అయితే మొదటి చిటికెతోనే పల్చబడుతుంది, ష6 అలా అయింది. అలాంటి సీసాలో అడుగున మిగిలిందానికి బోరు నీళ్లు కలిపి వాడుకుందామంటే నీళ్లలా అయిపోతుంది.

నురగకు 1% ద్రావణం 50 మి.లీ., 250 మి.లీ. కొలజాడీ, నోటిని అరచేత్తో మూసి పదిసార్లు ఊపడం. ఒకే మనిషి, ఒకే ఊపు. వెంటనే ఒక కొలత, ఐదు నిమిషాలకు ఒకటి. ఒక్కో చుక్క కొబ్బరినూనె వేసి మళ్లీ ఊపాలి, నూనె రాసిన తల అంటే అదే కదా. శుభ్రమైన నీళ్లలో పొంగిన నురగ నూనె చుక్కతో సగానికి పడిపోయిన సీసాలున్నాయి. కోకమైడ్ ఎంఈఏ, బీటైన్ ఉన్నవాటిలో నురగ నిలబడింది. నురగ కొలత నురగ గురించే చెబుతుంది. మురికి పోయిందా లేదా అన్నది వేరే పరీక్ష.

సల్ఫేట్ లేదని రాసిన ష3 గురించి ఒక మాట. దాని రెండో పేరు సోడియం సి14-16 ఓలెఫిన్ సల్ఫోనేట్. అది నిజంగానే సల్ఫేట్ కాదు, సల్ఫోనేట్. జిడ్డు లాగడంలో లారెత్‌కు ఏమీ తీసిపోదు. మాడు పొడిబారుతోందని సల్ఫేట్ మానేసేవాళ్లు వెతకాల్సిన పేర్లు డెసిల్ గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటివి.

10 నుంచి 12 – నూనెలు

ముందు తూకం. 50 మి.లీ. ఫ్లాస్కు గీత దాకా నింపి, గది వేడిమి 30 డిగ్రీల దగ్గర తూచాలి. కొబ్బరినూనె 46 గ్రా. దగ్గర తూగుతుంది, నువ్వులనూనె కూడా అంతే. లైట్ లిక్విడ్ పారఫిన్ 41 నుంచి 44 మధ్య. నూ3, నూ4 తేలికగా తూగాయి. తక్కువ మోతాదు కల్తీ మాత్రం ఈ పద్ధతికి దొరకదు.

తర్వాత ఫ్రిజ్. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఊళ్లో చలికాలం తెల్లవారుజామున తప్ప గడ్డకట్టిన సీసా కనబడదు గాని, అరకు తీసుకెళితే అదే సీసా తెల్లబడుతుంది. ఫ్రిజ్‌లో గంటన్నరకు నూ1, నూ2 తెల్లగా బిగిశాయి. నూ3, నూ4, నూ5 ద్రవంగానే ఉన్నాయి. వీటిలో నూ5 నువ్వులనూనె. గడ్డకట్టనంత మాత్రాన పారఫిన్ అని తేల్చకూడదని దాన్ని కావాలనే పెట్టాం.

పారఫిన్ ఉందో లేదో తేల్చేది హోల్డే పరీక్ష. 100 మి.లీ. ఇథనాల్‌లో సుమారు 3 గ్రా. పొటాషియం హైడ్రాక్సైడ్ కరిగించిన ద్రావణం 22 మి.లీ., నూనె 1 మి.లీ., పైన కండెన్సర్ బిగించి నీటి తొట్టి మీద మరిగించాలి. మంట పొయ్యి దగ్గర వద్దు, ఇథనాల్ ఆవిరి అంటుకుంటుంది. క్షారం చర్మాన్ని కాలుస్తుంది, తొడుగులు, కళ్లద్దాలు తప్పవు. రసాయనశాలలో చేయాల్సిన పని ఇది, వంటింట్లో కాదు. ద్రావణం తేటబడ్డాక మరుగుతున్న నీళ్లు 25 మి.లీ. గోడవెంట వదలాలి. చెట్టు నుంచి వచ్చిన నూనె మొత్తం సబ్బుగా మారి ఉంటుంది కాబట్టి ద్రావణం తేటగానే నిలుస్తుంది. పారఫిన్ సబ్బుగా మారదు, నీళ్లు తగలగానే పాలలా మబ్బు కమ్ముతుంది.

ఇక్కడా ఒక దెబ్బ తగిలింది. కల్తీలేని నూనెలోనూ మబ్బు వచ్చింది. మరగబెట్టింది చాలక సబ్బుగా మారని నూనె మిగిలిపోవడమే కారణం. ఇంకో అరగంట మరిగిస్తే తేటబడింది. అప్పటినుంచి ప్రతి విడతలో రెండు తోడు ఫ్లాస్కులు పెట్టాం. ఒకదానిలో గానుగలో ఆడించిన కొబ్బరినూనె, ఇంకోదానిలో అదే నూనెకు పదోవంతు లిక్విడ్ పారఫిన్ కలిపినది. మొదటిది తేట, రెండోది మబ్బు అయితేనే ఆ విడత లెక్కలోకి. నూ3, నూ4 గట్టిగా మబ్బు పట్టాయి. వాటి లేబుల్ కూడా మొదటి పేరుగా అదే చెబుతోంది, మోసమేమీ లేదు. మోసమల్లా ముందున్న బొమ్మ చూసి మనం చేసుకునే ఊహలోనే.

పారఫిన్ విషం కాదు. వెంట్రుక మీద పొరలా కూర్చుని చిక్కు తగ్గిస్తుంది, మెరుపిస్తుంది, కంపు కొట్టదు. లోపలికి మాత్రం వెళ్లదు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని గొలుసు పొట్టిది, తిన్ననిది కాబట్టి వెంట్రుక లోపలికి చొరబడుతుంది. 2003లో రేలే, మోహిలే అచ్చేసిన పరిశోధన కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి, వెంట్రుక నుంచి ప్రొటీన్ పోవడాన్ని తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటే అని చూపింది. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే సంస్థలో పనిచేసేవాళ్లని గుర్తుపెట్టుకునే చదవాలి. కానీ లారిక్ ఆమ్లం నిర్మాణం నుంచి వచ్చే తర్కం ఆ ఫలితంతో కలుస్తుంది. తలంటుకు ముందు రాయాల్సింది కొబ్బరినూనె, తలంటాక కొసలకు పల్చగా రాయడానికి తేలిక నూనె అని పట్టికలో రాసుకున్నాం.

నూ5 ఆయుర్వేద లైసెన్సు మీద తయారైంది. దాని లేబుల్ తీరు వేరు. ప్రతి 10 మి.లీ.లో ఏ మూలిక ఎన్ని మి.గ్రా. అని అంకెలుంటాయి, మిగతాది తిలతైలం తగినంత. ఇది నిజంగా మేలైన పద్ధతి. 10 మి.లీ.లో 25 మి.గ్రా. అంటే 0.25% అని వెంటనే లెక్క కట్టొచ్చు. తైలపాకానికి శాస్త్రం చెప్పే పాళ్లు కల్కం ఒకటి, నూనె నాలుగు, ద్రవం పదహారు. అంటే 100 గ్రా. నూనెకు 25 గ్రా. ముద్ద. లేబుల్ అంకె దానికి ఎంత దూరమో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. తగినంత అన్న మాట పక్కన ఏ నూనె పేరుందో తప్పక చదవాలి, పారఫిన్ ఉండేది కూడా అక్కడే.

15 నుంచి 18 – సవరం జుట్టుతో కండిషనర్లు

మనుషుల తలల మీద పోల్చితే ఒక్కో తల ఒక్కో తీరు. కురుపాం మార్కెట్ వైపు నిజమైన జుట్టుతో చేసిన సవరం కొని, 2 గ్రా. చొప్పున కుచ్చులు కట్టాం. పొడవు 15 సెం.మీ., పై కొస దారంతో బిగించి జిగురు చుక్క.

అమ్మకానికి వచ్చే జుట్టు మీద సాధారణంగా సిలికోన్ పూత ఉంటుంది. దాన్ని తీయకుండా చేసిన పరీక్ష ఆ పూతకు చేసినట్టే. 10% లారెత్ ద్రావణంలో మూడుసార్లు ఉతికి ఆరబెట్టాం. తర్వాత ఒక వెంట్రుక తీసుకుని కుదురు నుంచి కొసకు, కొస నుంచి కుదురుకు రెండు వేళ్ల మధ్య లాగాలి. ఎదురు దిక్కున గరగరలాడితే పొలుసులు ఉన్నట్టు. రెండు వైపులా నున్నగా జారితే ఆమ్లంలో పొలుసులు తీసేసిన జుట్టు, పక్కన పెట్టాలి. ఒక కట్ట మొత్తం అలా పోయింది.

నూనె ఎంత మిగిలిందో తూకంతో చూద్దామన్నది మొదటి ఆలోచన. పొద్దున తూచిన కుచ్చు ఏమీ రాయకుండానే సాయంత్రానికి బరువెక్కింది. వెంట్రుక తేమను తాగుతుంది, గాలి పూర్తిగా తడిగా ఉంటే తన బరువులో 30% దాకా. 0.1 గ్రా. నూనెను వెతుకుతున్న చోట సముద్రపు గాలి అంతకంటే ఎక్కువ జోడిస్తోంది. పరిష్కారం వంటింట్లోనే ఉంది. మూత బిగుతుగా ఉండే డబ్బా అడుగున వంట ఉప్పును కొద్ది నీళ్లతో తడి ముద్దలా చేసి పెడితే లోపల తేమ 75% దగ్గర నిలకడగా ఉంటుంది. కుచ్చులు ముద్దకు తగలకుండా పైన వేలాడదీసి 24 గంటలు ఉంచి, తీసిన వెంటనే తూచాలి. ఏమీ రాయని కుచ్చు ఒకటి ప్రతి విడతలో తోడుండాలి. అప్పుడు అంకెలు నిలిచాయి.

కండిషనర్ల పట్టిక చిన్నదే. నీళ్లు, సెటియరిల్ ఆల్కహాల్, బెహెన్‌ట్రైమోనియం లేదా సెట్రిమోనియం క్లోరైడ్, తర్వాత సిలికోన్. పేరులో ఆల్కహాల్ ఉన్నా సెటియరిల్ కొవ్వు లాంటి మైనం, జుట్టును ఎండగట్టదు. తడి వెంట్రుకకు రుణావేశం ఉంటుంది, చెడిన కొసల్లో ఇంకా ఎక్కువ. ఆ క్లోరైడ్ల ధనావేశం అక్కడికే పోయి అంటుకుంటుంది. రెండిట్లో తేడా సిలికోన్ దగ్గర. క1లో డైమెథికోన్, క2లో అమోడైమెథికోన్. ఆరిన కుచ్చు మీద నీటి చుక్క వేస్తే రెండిటి మీదా ముత్యంలా నిలిచింది, కండిషనర్ పెట్టని కుచ్చు మీద పరుచుకుంది. చిక్కు తీయడానికి పట్టిన దువ్వెన లాగుళ్లలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

షాంపూలోనే కండిషనర్ ఉందన్న మాటను చూడడానికి ఒక చక్కటి పని ఉంది. జుట్టుకు అంటుకునే కండిషనర్ పదార్థం పాలీక్వాటర్నియం-10 ఉన్న తేట షాంపూ ష1 ఒక చెంచా గాజు గ్లాసులో పోసి, తొమ్మిది చెంచాల నీళ్లు మెల్లగా కలుపుతూ వెలుతురుకు పట్టుకోవాలి. తేటగా ఉన్నది కొంత దూరం వెళ్లాక పల్చటి మబ్బులా మారుతుంది. కడిగేటప్పుడు జుట్టు మీద దిగే పొర అదే. సీసాలో గాఢంగా ఉన్నంతసేపు కరిగి ఉండి, నీళ్లు కలిశాక విడివడుతుంది. ముత్యపు మెరుపున్న షాంపూల్లో ఈ మబ్బు కనబడదు, ముందే తెల్లగా ఉంటాయి కనుక.

20వ రోజు – చుండ్రు షాంపూ

ష6లో జింక్ పైరిథియోన్ 1% అని అంకెతో సహా ఉంది. ఇది కరగదు, సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది. కడిగాక మాడు మీద మిగిలే రేణువులే పనిచేస్తాయి. ఎండ తగిలే కిటికీలో నెల్లాళ్లుంచిన సీసాలో పొడి అడుక్కు దిగొచ్చు. వాడేముందు తలకిందులు చేసి కుదపాలి. రాసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి, వెంటనే కడిగితే డబ్బు దండగ. యూరప్ సమాఖ్య 2022 మార్చి 1 నుంచి దీన్ని సౌందర్య సాధనాల్లో నిషేధించింది, సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థాల వర్గంలో చేర్చడం వల్ల. భారత్‌లో అమ్మకం సాగుతోంది. పైరొక్టోన్ ఒలమైన్ ఉన్నవి ప్రత్యామ్నాయం. కీటోకొనజోల్ 2% మందుల షాపు సరుకు, అది ఔషధం. మూడు నాలుగు వారాలకు తగ్గని చుండ్రును చర్మవైద్యులకు చూపించాలి.

పారాబెన్ లేదని గొప్పగా రాసిన ష4లో నిల్వకు మిథైల్‌ఐసోథయజోలినోన్, దాని క్లోరిన్ జంట మిథైల్‌క్లోరోఐసోథయజోలినోన్ ఉన్నాయి. కడిగేసే సరుకుల్లో ఈ జంటకు యూరప్ హద్దు 0.0015%, అంత చిన్న అంకె పెట్టడానికి కారణం చర్మపు అలర్జీలు. ఇంకో నిల్వ పదార్థం డీఎండీఎం హైడాంటొయిన్ కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. పారాబెన్‌తో ఎప్పుడూ ఇబ్బంది లేని మనిషి ఆ మాట చూసి సీసా మార్చక్కర్లేదు. మాడు దురద ఉన్నవాళ్లు మాత్రం ఈ మూడు పేర్లూ గుర్తుపట్టగలగాలి.

22వ రోజు – కుంకుడు

గింజ తీసిన తొక్క 50 గ్రా., నీళ్లు అర లీటరు, రాత్రంతా నానబెట్టి పది నిమిషాలు మరిగించి పల్చటి గుడ్డలో వడగట్టాం. గింజతో సహా కొట్టేస్తే బరువు తప్ప లాభం లేదు, నురగనిచ్చే సపోనిన్ తొక్కలో ఉంటుంది. పీహెచ్ 5 లోపు. బోరు నీళ్లలోనూ తునకలు కట్టలేదు. జిడ్డు తీయడంలో లారెత్ షాంపూ కంటే నెమ్మది. నూనె పట్టించిన కుచ్చుకు రెండు తలంట్లు పట్టింది. కంట్లో పడితే గట్టిగా మండుతుంది. రెండో రోజుకు పులిసిన వాసన, మూడో రోజుకు పైన తెలుపు తెట్టె. నిల్వ పదార్థం లేకపోతే ఇంతే, ఏ పూటకాపూట కాచుకోవాలి లేదా ఫ్రిజ్‌లో రెండు రోజులు.

24వ రోజు – సాషేలు

60 మి.లీ. కంటే చిన్న ద్రవ ప్యాకెట్ల మీద పదార్థాల వరుస రాయాల్సిన పనిలేదని 2020 కాస్మెటిక్స్ రూల్సే మినహాయించాయి. అంటే ఊళ్లో ఎక్కువమంది కొనే రూపాయి, రెండు రూపాయల సాషేకు ఎర్ర గీత గీసే వీల్లేదు. ఎండబెట్టి తూచడం ఒక్కటే దారి. ష2 సాషే, ష2 సీసా ఒకేసారి పెడితే మిగులు బరువులు ఒక్కటి కాలేదు. ఈ ఒక్క విడతతో కూర్పు వేరని అనలేం. సాషేను గీరినా లోపలి గోడకు కొంత అంటుకుంటుంది గాని, గిన్నెలో పడ్డాకే తూచాం కాబట్టి ఆ లోటు లెక్కలోకి రాదు. వేర్వేరు బ్యాచ్‌ల సాషేలు మూడు, సీసాలు మూడు తెచ్చి ఇసుక గిన్నెల్లో పెట్టాం. ఓవెన్ సాయంత్రం ఐదింటికి 105కు చేరింది, మొదటి తూకం ఎనిమిదింటికి.